ఆ వీపు నాది

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి చెప్పులు విప్పుతూనే, "మేడమ్ ఉన్నారా ఆంటీ?" అని అడిగింది.

మేడమ్ అంటే అక్క. ఆంటీ అంటే తలుపు తీసిన తను. అక్క కంటే మూడేళ్లు చిన్నదై ఉండి, జుట్టుకు రంగు వేసుకోని పాపానికి తను ఆంటీ అయింది. నోట్సమ్మకు ఒళ్లు మండింది. అయినా మొహాన నవ్వు పులుముకుని, "ఉంది, లోపలికి రామ్మా" అంది.

ఆ అక్కచెల్లెళ్లిద్దరూ పన్నెండేళ్లుగా ఆ మూడో అంతస్తు ఫ్లాట్‌లో కలిసి ఉంటున్నారు. అక్కకు అరవై ఎనిమిది. ఒకప్పుడు పదిహేడు సినిమాల్లో కథానాయిక. భర్త పోయాక ఒంటరిగా ఉండలేక చెల్లెల్ని రమ్మంది. చెల్లెలు పెళ్లి చేసుకోలేదు. సినిమాలకు కంటిన్యూటీ రాయడం ఆమె వృత్తి. నటి చేతిసంచి ఏ భుజానికుంది, గ్లాసులో నీళ్లు ఎంతవరకున్నాయి, కోటుకు ఎన్ని గుండీలు పెట్టుకుంది, అన్నీ పుస్తకంలో రాసి, తర్వాతి షాట్‌లో తేడా రాకుండా చూసుకోవాలి. ఎప్పుడు చూసినా చేతిలో నోట్సు ఉంటుందని యూనిట్‌లో ఎవరో నోట్సమ్మ అన్నారు. ఆ పేరే ఖాయమైపోయింది. కోపమొస్తే అక్క కూడా అలాగే పిలుస్తుంది.

వచ్చిన అమ్మాయికి ముప్పై దాటి ఉండవు. పొట్టి జుట్టు, భుజాన బరువైన సంచి, చేతివేళ్లకు పెన్ను మరకలు. దర్శకురాలినని చెప్పుకుంది. రెండో సినిమా అట.

"సైకలాజికల్ థ్రిల్లర్ మేడమ్. ఒకమ్మాయి ఒక ఇంట్లో అద్దెకు దిగుతుంది. పై వాటాలో ఉండే ఆవిడ తన బట్టలు, తన మాటతీరు, చివరికి తన స్నేహితుల్ని కూడా దొంగిలిస్తోందని అనుమానం. నిజంగా దొంగిలిస్తోందా, ఈ పిల్ల పిచ్చా అన్నది చివరిదాకా తెలీదు. ఇంటి ఓనరు ముసలావిడ ఒకరుంటారు. ఆవిణ్ని ఎవరూ అనుమానించరు. ఆ పాత్ర మీరు చెయ్యాలి." అమ్మాయి గొంతు తగ్గించింది. "ఈ సినిమా పెద్దాయన గారికి నా నివాళి మేడమ్."

పెద్దాయన అంటే ఆ రోజుల్లో అందరూ అడుగులకు మడుగులొత్తిన దర్శకుడు. పోయి తొమ్మిదేళ్లయింది. నలభై ఒక్క ఏళ్ల కిందట ఆయన తీసిన సినిమాలో అక్క కథానాయిక, నోట్సమ్మ కంటిన్యూటీ.

"ఆ మెట్ల సీన్ మళ్లీ తీస్తాను. అదే కోణం, అలాంటి కోటు. మీ మొహం ఒక్క క్షణం కూడా కనపడదు కదా అందులో. వీపు తప్ప ఏమీ లేదు. ఏడో మెట్టు మీద ఆగుతారు. కమ్మీ మీద చెయ్యి వేస్తారు. వేళ్లు ఒక్కొక్కటే బిగుసుకుంటాయి. అంతే, పైన ఉన్న స్నేహితురాలిని చంపబోతోందని మనకు తెలిసిపోతుంది. అరవైసార్లు చూసుంటాను. అంత అసూయ నేను ఇంకెవరి మొహంలోనూ చూడలేదు మేడమ్, మీ వీపులో చూశాను."

అక్క తల కొంచెం వంచి నవ్వింది. "అంతా పెద్దాయన గొప్పతనమమ్మా. మనదేముంది?"

నలభై ఒక్క ఏళ్లుగా ఆ సీన్ గురించి ఎవరు పొగిడినా అక్క ఈ మాటే చెబుతుంది. అబద్ధమని ఎవరూ పట్టుకోలేని మాట. వంటింట్లోంచి వచ్చిన నోట్సమ్మ టీ ట్రేను ఠక్కున బల్ల మీద పెట్టింది.

ఎందుకంటే ఆ వీపు అక్కది కాదు. తనది.

ఆ రోజు ఆమెకు నిన్నగాక మొన్న జరిగినట్టుంది. ఉదయం షూటింగుకు బయలుదేరుతుంటే అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కవరు మీద తన పేరే. లోపల నాలుగు పేజీలూ అక్క గురించే. అక్క వేళకు తింటోందా, ఎండలో నిలబెడుతున్నారా, దానికి దిష్టి తగలకుండా చూడు, అది నిద్రపోయేదాకా నువ్వు పడుకోకు. చివర్న చోటు మిగిలిందని కాబోలు ఒక లైను: నువ్వూ కులాసా అని తలుస్తాను. నోట్సమ్మ ఆ ఉత్తరాన్ని నోట్సులో పెట్టుకుని సెట్‌కు వెళ్లింది.

ఆ మధ్యాహ్నం అక్క మెట్లెక్కింది. పదకొండు టేకులు. ప్రతిసారీ పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "అమ్మాయ్, నీ వీపు చక్కగా ఉంది. నాకు చక్కని వీపు అక్కర్లేదు" అన్నాడు. పదకొండోసారి అక్క కోటు విప్పి కుర్చీ మీద విసిరికొట్టింది. అప్పుడు ఆయన చూపు కెమెరా పక్కన స్టూలు మీద కూర్చున్న నోట్సమ్మ మీద పడింది. ఆమె అక్కనే చూస్తోంది. ఏ కళ్లతో చూస్తోందో ఆమెకు తెలీదు. ఆయనకు తెలిసింది. కెమెరామన్‌ను తప్ప మిగతా యూనిట్‌నంతా టీకి పంపేశాడు.

"నువ్వు లే. కోటు వేసుకో."

"నాకు నటించడం రాదండీ."

"నటించమని ఎవరన్నారు? రోజూ ఎవర్ని చూస్తుంటావో ఆ మనిషి పైన ఉందనుకో. ఎక్కు."

ఎక్కింది. అమ్మ ఉత్తరం కడుపులో కుంపటిలా ఉంది. ఏడో మెట్టు మీద ఎందుకు ఆగిందో ఆమెకే తెలీదు. ముందు అనుకున్నది కాదు. ఒక్క టేకు. పెద్దాయన కట్ చెప్పాడు, ఇంకో టేకు అడగలేదు. తర్వాత కెమెరామన్‌నూ అక్కచెల్లెళ్లనూ దగ్గరికి పిలిచి, "ఇది మన నలుగురి మధ్యే ఉండాలి. ప్రేక్షకుడికి రెండు వీపులుండకూడదు" అన్నాడు. నలుగురూ సరేనన్నారు. కెమెరామన్ పోయాడు, పెద్దాయన పోయాడు. మిగిలింది ఇద్దరే. ఆ ఇద్దరూ ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, ఒకే ఇంట్లో పన్నెండేళ్లు కలిసి తిన్నా కూడా.

"ఆంటీ!" అమ్మాయి పిలుపుకు నోట్సమ్మ ఉలిక్కిపడింది. "ఆ సినిమాకి కంటిన్యూటీ మీరే కదా? ఆ నోట్సు ఏమైనా మిగిలిందా? కోటు ఎన్ని గుండీలు పెట్టారు, ఏ చెయ్యి వేశారు, అన్నీ అలాగే తియ్యాలని."

"ఎప్పటి మాట! ఈపాటికి చెదలు తినేసుంటాయిలే" అంది అక్క గబుక్కున.

"లేదు, ఉన్నాయి" అంది నోట్సమ్మ. "చెక్కుచెదరలేదు. రేపొచ్చి తీసుకెళ్లమ్మా."

అక్క చెల్లెలి వైపు ఓ చూపు చూసి, టీలో పంచదార ఎక్కువైందంది.

అమ్మాయి వెళ్లాక నోట్సమ్మ గది తలుపు వేసుకుని ట్రంకుపెట్టె దించింది. నీలం అట్ట పుస్తకం దొరికింది. మెట్ల షాట్ పేజీ కూడా దొరికింది. పదకొండు టేకుల వరుస, పక్కన కారణాలు. కింద మూలన, చీమ తలకాయంత అక్షరాలతో: "టేకు 12. అక్క కాదు, నేను. ఓకే." పెద్దాయనకు మాటిచ్చిన రోజే రాసింది. రాయకుండా ఉండలేకపోయింది.

ఆ పేజీలో ఒక పాత బస్ టికెట్ పెట్టింది. పుస్తకం తెరిస్తే తిన్నగా అక్కడే తెరుచుకుంటుంది. నేను నోరు విప్పలేదు కదా, మాట తప్పినట్టు ఎలా అవుతుంది అని తనకు తాను సర్దిచెప్పుకుంది. మర్నాడు దర్శకురాలు రాలేదు, మనిషిని పంపింది. నోట్సమ్మ స్నానానికి వెళ్లిన సమయంలో అక్కే పుస్తకాన్ని సంచిలో పెట్టి ఇచ్చి పంపింది.

తర్వాతి రెండు వారాలు ఆ అపార్ట్‌మెంట్ మెట్లకు విశ్రాంతి లేదు. లిఫ్టు ఉండగా మేడమ్ మోకాళ్లు పట్టుకుని మెట్లెందుకెక్కుతోందో వాచ్‌మన్‌కు అంతుపట్టలేదు. అక్క శాలువా కప్పుకుని ఎక్కేది. నోట్సమ్మ కింద నిలబడి చూడాలి.

"ఎలా ఉందే? అప్పట్లాగే ఉందా?"

అక్క నడకలో కుడి భుజం ముందుకు ఊగుతుంది. పాతికేళ్ల వయసులోనూ అంతే. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే మెడ తనంతట తనే నిటారుగా లేస్తుంది. అది అసూయతో రగిలే మనిషి వీపు కాదు, దండ వేయించుకోవడానికి వేదికెక్కే మనిషి వీపు.

"అచ్చం అలాగే ఉందక్కా" అనేది నోట్సమ్మ. ఆ రెండు వారాలు ఆమెకు భలే నిద్ర పట్టింది.

మెట్ల సీన్ రోజు పొద్దున్నే ఇద్దరినీ కారు వచ్చి తీసుకెళ్లింది. సెట్ చూసి నోట్సమ్మ నిలువునా ఆగిపోయింది. అవే చెక్క మెట్లు, అదే వంపు, అదే కమ్మీ. ఫొటోలు చూసి వడ్రంగులు మళ్లీ కట్టారట. పొడవాటి బూడిదరంగు కోటు ఒకటి హ్యాంగరుకు వేలాడుతోంది. ఆమెకో కుర్చీ చూపించారు, మానిటర్‌కు కాస్త వెనగ్గా. ఆంటీకి నీళ్లివ్వండి అన్నారెవరో.

మొదటి టేకులో అక్క హుందాగా ఎక్కింది. రెండోదీ హుందాగానే ఉంది. దర్శకురాలు ప్రతిసారీ దగ్గరికి వెళ్లి మెల్లగా ఏదో చెప్పేది. "మేడమ్, భుజం కొంచెం... మేడమ్, ఆ ఆగడంలో కొంచెం..." ఆ పిల్ల నీళ్లు నమలడం చూస్తుంటే నోట్సమ్మకు జాలీ, నవ్వూ రెండూ వచ్చాయి. ఆరో టేకుకు లైట్‌బాయ్‌లు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క చెమట తుడుచుకుంటూ నాలుగో మెట్టు మీద కూర్చుండిపోయింది.

దర్శకురాలు పది నిమిషాలు విరామం చెప్పి నోట్సమ్మ దగ్గరికి వచ్చింది. చేతిలో నీలం అట్ట పుస్తకం. పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"ఆంటీ, ఈ మూలన రాసింది పోయిన వారమే చదివాను. మేడమ్‌ని ఎలా అడగాలో తెలీక ఊరుకున్నాను. ఇది నిజమేనా?"

ఇన్నేళ్లుగా ఎవరైనా ఈ ప్రశ్న అడగాలని నోట్సమ్మ ఎదురుచూసింది. పడుకుని పైకప్పు చూస్తూ జవాబు ఎన్నో రకాలుగా చెప్పుకుంది. తీరా అడిగేసరికి ఆమె చూపు అక్క వైపు పోయింది. మెట్ల మీద అక్క మోకాలు రుద్దుకుంటోంది. ఆ జుట్టు రంగు కింద పాపిట్లో తెలుపు కనపడుతోంది.

"ఏమిటా గుసగుసలు?" అక్క గొంతు అక్కణ్నుంచే ఖంగుమంది. "ఆ పేజీ గురించేనా?"

ఇద్దరూ తలెత్తారు.

"బస్ టికెట్ పెట్టిన పేజీ. సంచిలో పెట్టేటప్పుడు నేనూ చూశాను. చింపేద్దామనుకున్నాను కూడా. చెయ్యి రాలేదు." అక్క కమ్మీ పట్టుకుని లేచింది. "నిజమేనమ్మా. ఆ వీపు నాది కాదు. మా చెల్లెలిది."

మేకప్ చేసే అతను బ్రష్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అక్కా, అందరి ముందూ ఎందుకిప్పుడు..." అంది నోట్సమ్మ.

"నువ్వు ఊరుకోవే. టికెట్ పెట్టింది ఇందుకేగా?" అక్క మెట్లు దిగి వచ్చి చెల్లెలి ఎదురుగా నిలబడింది. "పదిహేడు సినిమాలు చేశాను. ఏడ్చాను, నవ్వాను, ఒకదాంట్లో చచ్చిపోయాను కూడా. అవేవీ ఒక్కడికీ గుర్తులేవు. పెళ్లికెళ్లినా, ఆస్పత్రికెళ్లినా, ఎవరు కనపడినా ఒకటే మాట. మేడమ్, ఆ మెట్ల సీన్! నా మొహాన్ని మర్చిపోయారు, నీ వీపు గుర్తుంది. వాళ్లు నిన్ను పొగుడుతుంటే నేను నవ్వి దండం పెట్టాలి. ఎన్నేళ్లు పెట్టానో నీకేం తెలుసు?"

అక్కను చూసి తను కుళ్లుకోవడం ఆమెకు అలవాటే. అక్క తనను చూసి కుళ్లుకోగలదని కలలో కూడా అనుకోలేదు. పొగిడిన ప్రతివాడి ముందూ తల వంచి నవ్విన ఆ నవ్వులన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఆ నవ్వులు చూసి తను ఇంట్లో ఎన్ని గిన్నెలు ఎత్తిపడేసిందో!

దర్శకురాలు ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. చివరికి ధైర్యం చేసి, "మేడమ్, మీకు అభ్యంతరం లేకపోతే... ఆంటీ ఒకసారి ఎక్కి చూస్తారా?" అంది.

"నన్నెందుకడుగుతావు? దాన్ని అడుగు" అంది అక్క. కోటు తనే విప్పి చెల్లెలి చేతుల్లో పెట్టింది.

కోటు సరిగ్గా సరిపోయింది. బట్టల మనిషి కాలరు సర్దుతూ, "కొంచెం ఇటు తిరగండి మేడమ్" అన్నాడు. ఆ మాట నోట్సమ్మ చెవిలో తేనెలా పడింది. ఎవరో ఫ్యాను ఆమె వైపు తిప్పారు, ఎవరో పక్కకు జరిగి దారి ఇచ్చారు. కెమెరామన్ వచ్చి, "చిన్నప్పుడు మా నాన్నతో కలిసి మీ షాట్ చూశానండీ" అన్నాడు. నోట్సమ్మ పక్కకు చూసింది. మానిటర్‌కు కాస్త వెనకున్న ఆ కుర్చీలో ఇప్పుడు అక్క కూర్చుంది.

క్లాప్ పడింది. నోట్సమ్మ ఎక్కింది. ఒకటి, రెండు, మూడు. లోపల వెతుక్కుంది. పైన అక్క ఉందనుకుంది. అమ్మ ఉత్తరంలో ఆ చివరి లైను గుర్తు చేసుకుంది. అది ఎప్పుడో ఆరిపోయిన పొయ్యిలా ఉంది, ఎంత ఊదినా బూడిదే లేచింది. ఏడో మెట్టు మీద ఆగింది. కమ్మీ మీద వేళ్లు ఒక్కొక్కటే బిగించింది, ఎవరో చెప్పినట్టుగా. మనసులో మాత్రం ఒక్కటే మాట తిరుగుతోంది: అక్కకు నా మీద అసూయ! ఇన్నేళ్లూ!

కట్ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. దర్శకురాలు కొట్టలేదు. మళ్లీ తీశారు. మూడోసారీ తీశారు. దర్శకురాలు దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, ఏమీ అనుకోకండి. మీరు చాలా... సంతోషంగా ఎక్కుతున్నారు."

నోట్సమ్మ మొహం ఎర్రబడింది. నిజమే మరి, దాచుకుందామంటే వీపుకు ముసుగేదీ?

ఇంతలో కుర్చీ కిర్రుమంది. అక్క లేచింది. మొహంలో మేకప్ చెదిరిపోయింది, సరిచేసుకోలేదు. "కోటు ఇటివ్వు" అంది. గొంతు చాలా మెల్లగా ఉంది.

"మేడమ్, కొంచెం విశ్రాంతి..." అంటోంది దర్శకురాలు.

"కెమెరా పెట్టమ్మా."

నోట్సమ్మ కోటు విప్పి ఇచ్చింది. అక్క ఆమె వైపు చూడలేదు. నోట్సమ్మ వచ్చి మానిటర్ ముందు నిలబడింది.

అక్క ఎక్కడం మొదలుపెట్టింది. భుజం ఊగలేదు. మెడ లేవలేదు. చూసేవాళ్లున్నారన్న సంగతే మర్చిపోయినట్టు, ఎవరో పిలిస్తే ఇష్టం లేకుండా వెళుతున్నట్టు, ఒక్కో మెట్టూ లెక్కగా ఎక్కింది. ఐదో మెట్టు మీదే ఆగింది. వేళ్లు బిగించలేదు. అరచెయ్యి కమ్మీ మీద ఆనించి, పసిబిడ్డ వీపు నిమిరినట్టు మెల్లగా, ఎంతో ప్రేమగా ముందుకు జరిపింది. ఆ ప్రేమ చూస్తే ఒళ్లు జలదరించింది. మళ్లీ ఎక్కడం మొదలుపెట్టి పైన చీకట్లోకి వెళ్లిపోయింది.

దర్శకురాలు కట్ చెప్పడం మర్చిపోయింది.

నోట్సమ్మ మానిటర్ మీది ఖాళీ మెట్లను చూస్తూ నిలబడింది. ఆ మెట్లపైన ఎవరున్నారనుకుని అక్క ఎక్కిందో అక్కడున్న నలభై మందిలో ఆమెకొక్కదానికే తెలుసు. ఒకప్పుడు తను అలా ఎక్కినప్పుడు కింద నిలబడి చూసిన అక్కకూ ఇలాగే తెలిసిపోయిందా?

కారులో ఇంటికి వస్తూ ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూశారు. సగం దారిలో నోట్సమ్మే అడిగింది.

"అప్పుడు నీకు తెలుసా? నేను ఎవర్ని తలుచుకుని ఎక్కానో?"

"తెలీకేం? సినిమా హాల్లో ఆ సీన్ వస్తే బయటికెళ్లిపోయేదాన్ని. చూశావు కదా ఎన్నోసార్లు. బాత్రూమ్‌కనుకున్నావా?"

"అనుకున్నాను."

"పిచ్చిమొహమా" అంది అక్క. కాసేపాగి, "అమ్మ ఉత్తరం అప్పుడే నీ నోట్సులో చదివాను. నీతో చెబుదామనుకున్నాను. ఏమని చెప్పను? అమ్మకు నేనంటేనే ఇష్టమని నీకు నేను చెప్పాలా?" అంది. నోట్సమ్మ కిటికీ అద్దం దించుకుంది.

సినిమా ఆరు నెలల తర్వాత విడుదలైంది. ఇద్దరూ ఉదయం ఆటకు వెళ్లారు. మొదట్లో నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి: పెద్దాయనకు, ఆయన మెట్లెక్కిన అక్కచెల్లెళ్లిద్దరికీ. నోట్సమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకునేసరికి అక్షరాలు వెళ్లిపోయాయి. సినిమా బాగుంది. హాల్లో జనం కుర్చీల అంచున కూర్చున్నారు. మెట్ల సీన్‌లో వెనక వరుసలో ఒకావిడ "అమ్మో" అంది. ఈసారి అక్క బయటికి వెళ్లలేదు. నోట్సమ్మకే లేచి వెళ్లిపోవాలనిపించింది, అయినా పళ్ల బిగువున కూర్చుంది.

బయట జనం అక్కను గుర్తుపట్టి చుట్టుముట్టారు. ఫొటోలు తీసుకున్నారు. సంచులు మొయ్యడానికన్నట్టు నోట్సమ్మ పక్కన నిలబడింది. ఎవరో ఒకమ్మాయి తనను కూడా ఫొటోలోకి రమ్మంది, తర్వాత ఫొటో మీరు తీస్తారా ఆంటీ అంది. తీసింది. కడుపులో పాత మంట చురుక్కుమంది. ఇదివరకైతే ఆ మంటకు సాకులు వెతుక్కునేది. ఇప్పుడు అసలు కారణం బాగానే తెలుసు. అక్క తనకంటే బాగా చేసింది.

టాక్సీలో కూర్చున్నాక అక్క చెప్పులు విప్పి కాళ్లు చాపుకుంది.

"నిజం చెప్పు. ఎవరిది బాగుంది?"

టాక్సీ రెండు వీధులు దాటింది. సిగ్నల్ దగ్గర బండి ఆగింది.

"నీదే" అంది.

పచ్చలైటు పడింది, బండి కదిలింది. ఇంకో మలుపు తిరిగింది.

"మళ్లీ చెప్పవే, హారన్‌లో సరిగ్గా వినపడలేదు" అంది అక్క.

"హారన్ ఎవడూ కొట్టలేదు" అంది నోట్సమ్మ, కిటికీ వైపు తిరిగి.